అనరాని పేరు

పన్నెండు దాటగానే మగకూలీలు బీడీలు ముట్టించుకుని గోడ నీడకు చేరారు. నర్సింహమ్మ ఇసుక కుప్ప పక్కన గోనెసంచి పరుచుకుని, పచ్చిమిరపకాయ నంజుకుంటూ జొన్నరొట్టె తిని, అక్కడే ఒక పక్కకు ఒరిగింది. ఆమెకు తొమ్మిదో నెల. "తట్టలు మొయ్యకు, జాలీ కాడ ఉండు" అని కొత్తగా వచ్చిన మేస్త్రి దయతలిచాడు. జాలీ పని అంటే కూర్చుని చేసేదని ఆయన ఉద్దేశం కాబోలు. నడుము వంచి పార నిండా ఇసుక ఎత్తి, ఏటవాలుగా నిలబెట్టిన తీగెల జాలీ మీదికి విసరాలి. సన్నది అవతల పడుతుంది, గులకరాళ్ళు ఇవతల కాళ్ళ మీద పడతాయి. పొద్దున్నుంచి ఎన్ని పారలు విసిరిందో ఆమె నడుముకే తెలుసు.

కన్ను అంటుకుందో లేదో ఇంటాయన వచ్చాడు. మోచేతుల దాకా సిమెంటు ఎండి తెల్లగా ఉంది. ఇటుకల వరసల మధ్య నుంచి మామూలుగా నడిచి వచ్చి, రొట్టె గుడ్డ పక్కకు జరిపి, ఆమె ఒడిలో తల పెట్టుకున్నాడు. "జర పండుకుంట" అన్నాడు. అంతే. ఆ బరువు తొడల మీద స్పష్టంగా తెలిసింది. జుట్టు నిమురుదామని చెయ్యెత్తేసరికి మెలకువ వచ్చింది. ఒడిలో ఏమీ లేదు. రొట్టె గుడ్డకు చీమలు పట్టాయి.

"ఏందక్కా, గట్ల చెమటలు వెట్టినయ్? నొప్పులా?" అంది పక్కన కూర్చున్న కూలామె.

"ఏం లే. ఉక్కపోస్తుంది" అని నర్సింహమ్మ లేచి పార అందుకుంది. పనిలోకి దిగడానికి ఇంకా వేళ ఉంది. అయినా కూర్చోలేకపోయింది.

కలలకేం, అందరికీ వస్తాయి. కానీ నారాయణపేట దిక్కు ఆమె పుట్టిన ఊళ్ళో కడుపుతో ఉన్న ఆడదాని కలకు లెక్క వేరు. బతికున్నవాళ్ళు ఆ కలలోకి వస్తే గడప దగ్గర నిలబడి మాట్లాడి పోతారు. ఒడిలో తల పెట్టేవాళ్ళు పోయినవాళ్ళు. మళ్ళీ ఆ ఇంట పుట్టడానికి చోటు అడుగుతారు. అడిగినవాళ్ళ పేరు బిడ్డకు పెట్టాలి. పెడితే బిడ్డ నిలుస్తుంది, పెట్టకపోతే అలిగి వెళ్ళిపోతుంది. నర్సింహమ్మ అక్క ఒకతె కలలో కనిపించిన ముసలమ్మ పేరు మోటుగా ఉందని వేరే పేరు పెట్టుకుంది. ఆ పిల్ల పాకే వయసు రాకముందే పోయింది. పూడ్చిన చోట నర్సింహమ్మ కూడా నిలబడింది. కాబట్టి ఆమెకు ఇది నమ్మకం కాదు, కళ్ళతో చూసిన సంగతి.

ఆయన పేరు ఈరన్న. ఈ మాట కథ చెప్పేవాళ్ళే అనాలి, నర్సింహమ్మ అనదు. మొగుడి పేరు పెళ్ళాం నోట వస్తే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని ఆమెకు నేర్పారు. జూన్‌లో, అరవై తొమ్మిది నాటి ప్రత్యేక రాష్ట్రం గొడవలు ముదిరిన రోజుల్లో, ఇటుకల బండివాణ్ణి ఇవాళ రావద్దని చెప్పి రమ్మని మేనమామ దాసయ్య మేస్త్రి నారాయణగూడ చౌరస్తాకు పంపితే వెళ్ళాడు. అక్కడ జనం, పోలీసులు, పరుగులు. అంతవరకే తెలుసు. రెండున్నర నెలలుగా ఏ ఠాణా, ఏ జైలు గేటు చెప్పలేని మాట ఇప్పుడు ఒక పగటి కునుకు చెప్పేసింది.

బిడ్డకు ఆయన పేరు పెడితే ఆయన లేడని తానే ఒప్పుకున్నట్టు. గాజులు తియ్యడానికి చేతులు చాపాలి. పెట్టకపోతే బిడ్డ నిలవదు. సాయంత్రం దాకా ఇసుక విసురుతూ నర్సింహమ్మ ఈ రెంటి మధ్యే నలిగింది. చివరకు ఒక ఉపాయం తోచింది. కల సంగతి ఎవరికీ చెప్పదు. వేరే పేరు, గట్టి పేరు, ఇప్పుడే తెచ్చి కడుపులో బిడ్డకు పెట్టేస్తుంది. బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టు. అప్పుడు ఆయనకు ఇక్కడ చోటుండదు. చోటు లేకపోతే ఎక్కడున్నాడో అక్కడే, బతికే, ఉండక తప్పదు. చావును మోసం చెయ్యడానికి ఇంతకంటే మంచి ఉపాయం చదువుకున్నవాళ్ళకు మాత్రం తెలుసా?

*

అత్త బుగ్గమ్మ నారాయణగూడ చౌరస్తాలో మక్కకంకులు కాలుస్తుంది. ఇదివరకు చిక్కడపల్లి మార్కెట్ ముందు కూర్చునేది. అక్కడ కూరగాయలకు వచ్చిన ఆడవాళ్ళు పిల్లలకు తలో కంకి కొనిపెట్టేవాళ్ళు, గంప మధ్యాహ్నానికే ఖాళీ అయ్యేది. జూన్ నుంచి బొగ్గుల కుంపటి ఎత్తుకుని ఇక్కడికి మారింది. ఇక్కడ గిరాకీ తక్కువ, పోలీసు లారీ కనిపిస్తే నిప్పులతో సహా లేచి పోవాలి. ఎందుకు మారావని బస్తీలో ఎవరూ అడగలేదు. కొడుకు తప్పిపోయిన చోటికే వస్తాడని ఆమె ఆశ. చేతిలో విసనకర్ర ఆడుతూ ఉంటుంది, కళ్ళు మాత్రం వచ్చేపోయే మగవాళ్ళ మొహాల మీద ఉంటాయి. అందుకే ఆమె కంకులు ఒక పక్క పచ్చిగా, ఒక పక్క మాడిపోయి ఉంటాయి.

నర్సింహమ్మ పని దిగి వచ్చి కుంపటి పక్కన చతికిలబడింది. బుగ్గమ్మ ఒక కంకికి ఉప్పూకారం నిమ్మచెక్కతో రాసి ఆమె చేతిలో పెట్టింది.

"పగటీలి జరసేపు పండుకున్నవా?"

"లే అత్తా. నిద్ర రాలే."

"పండుకోవాలె. కడుపుల ఉన్నోనికి తిప్పలైతది." బుగ్గమ్మ నిప్పులు విసురుతూ అటువైపు చూసే అడిగింది. "నిద్రల ఎవలన్న అగుపడ్డరా?"

నెలలు నిండుతున్న కోడల్ని ఏ అత్త అయినా అడిగే మాటే. రోజూ అడిగేదే. నర్సింహమ్మ తినబోయిన కంకిని ఒడిలోకి దించింది.

"ఎవల్లే."

బుగ్గమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. ఆ వదలడంలో ఎంత బరువు దిగిపోయిందో నర్సింహమ్మకు వినిపించింది. అబద్ధం చెప్పినందుకు ఏ బాధా కలగలేదు, ఈ ముసలిదానికి ఇంకో పూట ఇచ్చానని సంతోషమే కలిగింది.

"మా దాసయ్యన్న ఐతారం రమ్మన్నడు" అంది బుగ్గమ్మ. "పేరు ముచ్చటంట."

"ఇంక కానుపే గాలే. అప్పుడే పేరేంది?"

"గదే నేనన్న. ఇంటడా?"

రోడ్డు దాటుతున్న ఒక పొడుగాటి మనిషిని చూసి బుగ్గమ్మ విసనకర్ర ఆపింది. అతను దగ్గరికొచ్చి కంకి బేరమాడాడు. ఆమె మళ్ళీ విసరడం మొదలుపెట్టింది.

*

అశోక్‌నగర్‌లో ఆ ఇంటి యజమాని వీరరాఘవరావు గారు సెక్రటేరియట్‌లో ఉద్యోగి. ఏలూరు నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. కింద కాపురముంటూ పైన రెండు గదులు వేయిస్తున్నారు. ప్రహరీ గోడ మీద ఎవరో బొగ్గుతో 'వెళ్ళిపోండి' అని రాస్తే సున్నం కొట్టించారు. మళ్ళీ రాశారు. మళ్ళీ కొట్టించారు. భార్య రాజ్యలక్ష్మి ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు టీచరు. గొడవలకు బళ్ళు మూతపడి నెలలు కావడంతో పాఠం చెప్పడానికి మనిషి దొరక్క ఆవిడ అల్లాడిపోతూ ఉంది. పాలవాడు పలికే మాటలు కూడా సరిదిద్దుతుందని ఇంట్లో వేళాకోళం.

శనివారం మంచినీళ్ళ వంకతో నర్సింహమ్మ పెరటి గుమ్మం దగ్గరకు వెళ్ళింది. చెంబెడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని కూడా కదల్లేదు.

"ఏం నర్సమ్మా?"

"ఒక పేరు గావాలమ్మా."

"పేరా? ఎవరికి?"

నర్సింహమ్మ పొట్ట మీద చెయ్యి వేసుకుంది. రాజ్యలక్ష్మి మొహం కళకళలాడిపోయింది. లోపలికెళ్ళి నోటుపుస్తకం, పెన్సిలు తెచ్చి మెట్టు మీదే కూర్చుంది.

"మంచి పని చేశావు. మీవాళ్ళు ఏదో ఒకటి పెట్టేస్తారు. పేరంటే కేకెయ్యడానికి మాత్రమే కాదు నర్సమ్మా, దానికో అర్థం ఉండాలి. మోసేవాడికి అది దారి చూపించాలి. నీ మనసులో ఏముందో చెప్పు. చదువు రావాలనా? సంపద కలగాలనా?"

"ఉండాలె" అంది నర్సింహమ్మ.

"ఏం ఉండాలి?"

"బిడ్డ ఉండాలె. అంతే. ఇంకొకటమ్మా, ఆ పేరు మా ఇండ్లల్ల సచ్చినోళ్ళది కావద్దు. బతికున్నోళ్ళది గూడ కావద్దు. ఆ పేరు వట్టుకొని ఎవలూ లోపటికి రావద్దు."

రాజ్యలక్ష్మి పెన్సిలు ఆపి ఆమె వైపు చూసింది. "సరే. చెక్కుచెదరని పేరు కావాలన్నమాట. ధ్రువుడు ఉన్నాడు. ధ్రువం అంటే కదలనిది. అక్షయ అంటే తరగనిది. ఇంకా చూస్తాను. సోమవారం నాటికి పది రాసి అర్థాలతో సహా చెబుతాను, నీకు నోరు తిరిగింది ఎంచుకో. తండ్రి పేరుతో కలిసొస్తే మరీ బాగుంటుంది. మీ ఆయన పేరేమిటి?"

నర్సింహమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఈ ప్రశ్న కొత్తది కాదు. జవాబూ కొత్తది కాదు.

"దాసయ్య మేస్త్రి మేనల్లుడమ్మా."

రాజ్యలక్ష్మి రాసుకుంది. "పనిలోకి వస్తున్నట్టు లేదే?"

"ఊరికి పోయిండు" అంది నర్సింహమ్మ. మాట తడబడలేదు. సోమవారం నాటికి ఆ మాట నిజమైపోతుందన్నంత ధైర్యంగా వెనక్కి వచ్చి జాలీ దగ్గర నిలబడింది.

*

దాసయ్య మేస్త్రి ఆ గొడవల రోజుల్లోనే కాలు విరిగి మంచాన పడ్డాడు. బస్తీలో రెండు గుడిసెల అవతలే ఇల్లు. ఆదివారం పొద్దున్నే బుగ్గమ్మ, నర్సింహమ్మ వెళ్ళి మంచం దగ్గర కింద కూర్చున్నారు. ఆయన కట్టు కట్టిన కాలును రెండు చేతులతో ఎత్తి పక్కకు పెట్టుకున్నాడు. మనిషి సగమయ్యాడు. పంపింది నేను, పోయింది వాడు అన్న మాట ఆయన నోటితో అనకపోయినా మొహం రోజంతా అంటూనే ఉంటుంది.

"బుగ్గీ, ఊర్లకెల్లి పెద్దమనుషులు కబురువెట్టిన్రు" అన్నాడు. "మనిషి పోయి మూడు నెలలైతుంది. దినాలు చెయ్యకపోతే వాడు ఏడ తిరుగుతడు చెప్పు? కానుపు కంటె ముంగటనే చేసేద్దాం. పుట్టినోనికి వాని పేరు నిలబెడ్దాం. మొగోడైతే ఈరన్న, ఆడిదైతే ఈరమ్మ. వాడు మన ఇంట్లనే ఉన్నట్టైతది."

"నా కొడుకు సచ్చిండని నీకెవలు చెప్పిండ్రు?" బుగ్గమ్మ గొంతు లేచింది. "జైల్లనో, ఏ ఊరి మీదనో ఉన్నడు. దవాఖానల మట్టుకు లేడు. గది నా కోడలు సొంతంగ పోయి అడిగొచ్చింది. లొల్లైన రెండోనాడే, కర్ఫ్యూల, ఒక్కతే పోయింది. లేడన్నరు. దెబ్బ తాకినోళ్ళందరు ఆ దవాఖానల్నే ఉన్నరు గద? అండ్ల లేడంటే వాడు సచ్చినోళ్ళల్ల లేడు. అవునానే?"

"అవునత్తా" అంది నర్సింహమ్మ.

ఆ ఒక్క మాట మీదే రెండున్నర నెలలు ఆ ఇల్లు నిలబడింది. బుగ్గమ్మ అప్పుడు ఊళ్ళో ఉంది, బస్సులు నడవక వారానికి గానీ రాలేకపోయింది. వచ్చాక ఠాణాలు తిరిగింది, జైలు ముందు కూర్చుంది. ఆసుపత్రి గడప మాత్రం ఎవరూ మళ్ళీ తొక్కలేదు. కోడలు చూసి వచ్చాక ఇంకెందుకు?

దాసయ్య నర్సింహమ్మ వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు చెప్పు. పేరు వాంది పెడితే నీకు పిలువ రాదు, నాకెరుకే. నువ్వు చిన్నోడా అని పిలుచుకో. మేమందరం పేరు వెట్టి పిలుస్తం. అట్లనే చేస్తరు గద అందరు?"

"నేను వేరే పేరు జూసిన, పెద్దనాయనా."

"ఏం పేరు?"

"ఇంకా రాలే. సోమారం వస్తది."

"పేరు సోమారం వచ్చుడేంది?" దాసయ్య కోపంతో లేవబోయి కాలు కదిలి మూలిగాడు. "ఇంటి మనిషి పేరు ఇడిసిపెట్టి బజారు పేరు తెస్తవా? వాడు అడిగితే ఏం జెప్తవు? రేపు వాడు నీ కలలకొచ్చి అడిగితే?"

కల నర్సింహమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన బుగ్గమ్మ ఆమె ముంజేయి పట్టుకుని ఉంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే గాజులు చర్మంలోకి దిగుతున్నాయి.

"రాలే" అంది నర్సింహమ్మ. "వస్తే చెప్త."

*

సోమవారం పదకొండింటికి రాజ్యలక్ష్మి తనే పెరట్లోకి వచ్చి పిలిచింది. చేతిలో నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం. పది పేర్లూ గుండ్రంగా, కొమ్ములూ వత్తులూ ముద్దుగా రాసి పెట్టింది. నర్సింహమ్మ పార గోడకు ఆనించి, చేతులు చీరకు తుడుచుకుని, మెట్టు కింద నిలబడింది.

"రాత్రంతా ఆలోచించాను తెలుసా? నీకు కావలసింది దొరికింది. ధ్రువదాసు. ధ్రువుడు కదలనివాడు. దాసు వాళ్ళ నాన్న పేరులోది. తండ్రి పేరు కలిసింది, అర్థమూ కలిసింది. నీ బిడ్డ పేరు చూసి ఎవరూ నవ్వరు."

"దాసు ఎవలమ్మా?"

"అదేమిటి, మీ ఆయన. దాసయ్య."

"దాసయ్య ఆయన మేనమామ." నర్సింహమ్మ నవ్వబోయింది. "నేను దాసయ్య మేస్త్రి మేనల్లుడంటి గద?"

"అన్నావు. మేనల్లుడని నాకూ గుర్తుంది. కానీ నేనడిగింది పేరు. నువ్వు చెప్పిన పేరు అదొక్కటే. మామకీ అల్లుడికీ ఒకటే పేరు కాబోలు, పెద్దాయన పేరు పెట్టుకుని ఉంటారు అనుకున్నాను. పేరు రాయవలసిన చోట ఇంకేం రాయను?" రాజ్యలక్ష్మి ఏమీ చిరాకు పడలేదు. పెన్సిలు తీసింది. "పోనీలే, ఇప్పుడు చెప్పు. కొట్టేసి రాస్తాను."

పెన్సిలు కాగితం మీద ఆగి ఉంది. నర్సింహమ్మ దాని ములుకు వైపు చూస్తూ నిలబడిపోయింది.

అక్కడా పెన్సిలే. ఆసుపత్రి కిటికీ లోపల ఒకాయన, బయట అరుపులూ ఏడుపులూ. వెనక నుంచి జనం తోస్తున్నారు. ఆయన తల ఎత్తకుండా "పేరు?" అన్నాడు. తను కొంగు అడ్డం పెట్టుకుని "దాసయ్య మేస్త్రి మేనల్లుడు సారూ, అశోక్‌నగర్‌ల గోడపని" అంది. ఆయన పెన్సిలు వరస వెంట కిందికి దిగుతూ, "దాసయ్య... దాసయ్య..." అని ఆయన గొణుగుతుండగా అడుగు దాకా వెళ్ళింది. "దాసయ్య లేడు. జరుగు." ఎంత సంతోషంగా జరిగింది! మెట్లు దిగుతూ దేవుడికి దండం కూడా పెట్టుకుంది. లేడు, లేడు అని దారంతా అనుకుంటూ వచ్చి, బస్తీలో కనిపించిన అందరికీ చెప్పింది.

"నర్సమ్మా? ఏమైంది? కూర్చో. నొప్పులొస్తున్నాయా?"

నర్సింహమ్మ గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్ళింది. వెనక నుంచి రాజ్యలక్ష్మి కాగితం ఊపుతూ పిలుస్తూనే ఉంది.

*

అశోక్‌నగర్ నుంచి చిక్కడపల్లి, చిక్కడపల్లి నుంచి నారాయణగూడ. మామూలప్పుడు చులాగ్గా నడిచే దారి. ఇవాళ పది అడుగులకోసారి ఏదో ఒక గోడ పట్టుకుని నిలబడవలసి వచ్చింది. రిక్షావాడొకడు జాలిపడి ఆగాడు, ఎక్కితే దిగలేనేమోనని ఎక్కలేదు. చౌరస్తాలో అత్త ఉంటుంది. వెనక సందులో పడి చుట్టూ తిరిగి కాచిగూడ వైపు ఆసుపత్రి రోడ్డెక్కింది. దారంతా ఒకటే మొక్కు. అండ్ల ఉండొద్దు. ఏ జైల్ల ఉన్నా సరే, ఇంకొకదాన్ని చేసుకుని ఏ ఊర్ల ఉన్నా సరే, ఆ కాయితంల మాత్రం ఉండొద్దు.

కిటికీ అదే. లోపల మనిషి వేరు, కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన. ముందు ఇద్దరే ఉన్నారు. ఆమె వంతు వచ్చింది.

"ఏంది?"

"జూన్‌ల లొల్లైనప్పుడు ఇక్కడ ఉన్నోళ్ళ కాయితం సారూ. మా ఇంటాయన ఉన్నడా చూడాలె."

"గప్పుడు రాకపోతివి?" అని సణుగుతూనే ఆయన లేచి, బీరువా మీది నుంచి ఒక పొడుగాటి రిజిస్టరు దించి దుమ్ము తట్టాడు. "పేరు?"

నర్సింహమ్మ నోరు తెరిచింది. కొంగు దానంతటదే పెదవుల మీదికి వచ్చింది.

"పేరమ్మా."

"మీరు సదువుండ్రి సారూ. ఉన్నోళ్ళయి అన్నీ సదువుండ్రి. వస్తే నేను చెప్త."

"అన్నీ సదువుతూ కూసుంటే నా పనెవరు చేస్తరు? నూటికి ఎక్కువున్నరు. మొగుని పేరు చెప్పనీకి గింత సిగ్గా?" వెనకాల నిలబడ్డ మనిషి నవ్వాడు. "చెప్తవా, పోతవా?"

సిగ్గు కాదు. సిగ్గయితే ఎప్పుడో వదిలేసేది. ఆయుష్షు. ఇప్పుడు ఈ నోరు ఆ పేరంటే, ఎక్కడో ఒక మూల ఇంకా కొట్టుకుంటున్న గుండె ఆగిపోతుందేమో. అనకపోతే ఆ గుండె ఎక్కడుందో ఎన్నటికీ తెలీదు. కిటికీ చువ్వలు రెండు చేతులతో పట్టుకుంది. కొంగు జారి భుజం మీద పడింది.

"ఈరన్న" అంది.

అంత చిన్న మాట. ఆయనకు వినపడలేదు. మళ్ళీ అంది.

పెద్దాయన వేలు ఒక పుట, ఇంకో పుట, మూడో పుట దిగింది. మూడో పుటలో ఆగింది. కళ్ళజోడు సర్దుకుని మెల్లగా చదివాడు. "ఈరన్న. ఇరవై ఆరేండ్లు. గోడపని. నెత్తికి దెబ్బ. తొక్కిసలాటల పడ్డడు. ఇంటి మనిషి నర్సింహమ్మ, అశోక్‌నగర్." తల ఎత్తాడు. "నువ్వేనా?"

తల ఊపింది. మొగుడు ఆమె పేరు చెప్పాడు. నెత్తి పగిలి, ఎవరో అడిగితే, పెళ్ళాం పేరు చెప్పాడు.

"అశోక్‌నగర్ అని ఒక్కటే రాసిన్రు. ఇల్లెట్ల దొరుకుతది, కర్ఫ్యూ ఆయె." పెద్దాయన గొంతు తగ్గింది. "మూడు దినాలున్నడమ్మా. నాలుగోనాడు పొద్దుగాల పోయిండు. ఎవరూ రాలేదని మునిసిపాలిటీవాళ్ళు తీస్కపోయిన్రు."

"నేనొచ్చిన" అంది నర్సింహమ్మ.

"ఎప్పుడు?"

"రెండోనాడు. గీ కిటికీ కాడికే."

పెద్దాయన రిజిస్టరు వైపు, ఆమె వైపు చూశాడు. ఆ పేరు రెండోనాడు కూడా ఆ వరసలోనే ఉండి ఉంటుంది. ఆయన పుస్తకం మూసి, స్టూలు మీది నుంచి లేచి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి చువ్వల మధ్య నుంచి అందించాడు.

*

సన్నగా తుంపర పడుతోంది. బుగ్గమ్మ గోనెసంచి నెత్తిన కప్పుకుని, కుంపటి తడవకుండా తట్ట అడ్డం పెట్టి విసురుతోంది. కోడలు కాచిగూడ వైపు నుంచి రావడం చూసి విసనకర్ర ఆపింది.

"గింత జల్ది పని దిగినవా? గటు దిక్కుకెల్లి వస్తున్నవేంది?"

నర్సింహమ్మ కుంపటికి ఎదురుగా తడి నేల మీద కూర్చుంది. "దవాఖానకు పోయిన."

"నొప్పులా? చెప్పవేందే?" బుగ్గమ్మ లేవబోయింది.

"కాదత్తా. కూసో." వచ్చేటప్పుడు దారంతా అబద్ధాలు వెతికింది. లేడన్నారని చెప్పొచ్చు, మళ్ళీ. ఇంకో రెండు నెలలు నడుస్తుంది. అత్త మొహం చూశాక ఏదీ నోటికి రాలేదు. "లొల్లినాడు దెబ్బ తాకి దవాఖానల్నే ఉన్నడంట. మూడు దినాలు. రెండోనాడు నేను పోయిన గద. కిటికీ కాడ పేరడిగిన్రు. నేను పేరు చెప్పలే. పెద్దనాయన పేరు చెప్పొచ్చిన. ఆళ్ళు పెద్దనాయననే ఎతికిన్రు. లేడన్నరు."

"అప్పుడు లోపట ఉన్నడా?"

"ఉన్నడు."

"పానంతోనా?"

"పానంతోనే. నా పేరు చెప్పిండంట అత్తా. రాసి ఉన్నది."

కుంపటి మీద కంకి ఒక పక్క నల్లబడి పొగ లేచింది. బుగ్గమ్మ దాన్ని తిప్పలేదు. గొడుగు వేసుకున్న ఒకాయన వంగి "కంకి ఎంత?" అని అడిగి, కాసేపు చూసి వెళ్ళిపోయాడు. నర్సింహమ్మ తల వంచుకుని దెబ్బ కోసం ఎదురుచూసింది. ఆ విసనకర్రతో కొడితే బాగుండు, నిప్పులు తీసి మీద పోసినా బాగుండు అనుకుంది.

"కొట్టత్తా" అంది.

"కొట్టిననే." బుగ్గమ్మ గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. "నీ పెండ్లయి వారం గాలే. వాకిట్ల నిలవడి వాన్ని పేరు వెట్టి పిలిచినవు, చిన్నపిల్లవు. ఉరికొచ్చి నోటి మీద కొట్టిన. పెదిమె పగిలింది. నా కొడుకు ఆయుష్షు తింటవానే అన్న. గప్పటిసంది నువ్వు అనలే." ఆమె తన అరచెయ్యి తెరిచి చూసుకుంది. "నేనే గదనే."

ఇద్దరి మధ్యా తుంపర నిప్పుల మీద పడి చుయ్యిమంది. బస్సొకటి మలుపు తిరిగి వెళ్ళింది. ఏడుపు ఇద్దరికీ రాలేదు. అది ఇంటికి వెళ్ళాక, దాసయ్య ఇంటి గడపలో అడుగుపెట్టాక వస్తుంది, ఇక రోజుల తరబడి ఆగదు.

"శుక్రారం నా ఒడిలకొచ్చిండు అత్తా. నీకు చెప్పలే. చెప్తే నిజమైతదని భయమాయె."

బుగ్గమ్మ కళ్ళు మూసుకుంది.

"ఆయన పేరే పెడ్దాం" అంది నర్సింహమ్మ. "కాని నేను చిన్నోడా అనను. పేరు వెట్టే పిలుస్త. మొగోడైనా ఆడిదైనా, బువ్వకు పిలుస్త, నిద్ర లేపుత, పొద్దుమూకితే రోడ్డు మీదికొచ్చి పిలుస్త. బస్తీ అంత ఇనాలె. మీరెవలు తిట్టినా పిలుస్త."

బుగ్గమ్మ మాడిన కంకిని నిప్పుల మీది నుంచి తీసి పక్కన పడేసింది.

"పిలువు" అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నేనినాలె."

నర్సింహమ్మ నోరు తెరిచింది. మొదటిసారి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి మాట వచ్చింది గానీ రోడ్డు చప్పుళ్ళలో కలిసిపోయింది. మూడోసారి పొట్టను రెండు చేతులతో పట్టుకుని, గొంతెత్తి, ఇంటి ముందు నిలబడి దూరాన ఉన్నవాణ్ణి పిలిచినట్టు పిలిచింది.

"ఈరన్నా!"

జనం ఒకరిద్దరు తల తిప్పి చూసి పోయారు. పిలుపు అలా గాలిలో ఉండిపోయింది. పేరు పెట్టి పిలిచాక ఎవరో ఒకరు పలకాలి. బుగ్గమ్మ కుంపటి మీదుగా చెయ్యి చాపి కోడలి పొట్ట మీద ఆనించి, "ఓ" అంది.